లంక తిన్నె మీది దుంగలు తీయబోయే ముందు

గోదావరి వరద తీశాక లంకల అంచున ఇసుక తిన్నెల మీద దుంగలు, వెదురు, చిరిగిన వలలు మేటవేసి ఉంటాయి. ఊరంతా కలిసి వాటిని తీయాలనుకుంటే కార్తీకంలోనే పెట్టుకోండి. వేసవిదాకా ఆగితే తిన్నెల మీద పక్షులు గుడ్లు పెడతాయి. ఇసుక రంగులో ఉండే ఆ గుడ్లు కాలికింద నలిగేదాకా కనిపించవు.

సముద్రానికి దగ్గరి పాయల్లో అయితే ఆటుపోట్లు తెలిసిన పడవవారిని ముందే అడగండి. పోటు నీరు వెనక్కి తీయడం మొదలవగానే దిగి, నాలుగు గంటల్లో ఒడ్డుకు చేరాలి.

అసలు జాగ్రత్త పాముల విషయంలో. వరదకు కొట్టుకొచ్చినవి దుంగల కిందే తలదాచుకుంటాయి. చేత్తో ఎత్తవద్దు. ముందు కర్రతో తట్టండి, కాసేపు ఆగండి. తర్వాత అవతలి అంచుకు పొడవాటి కొక్కెం తగిలించి దుంగను మీవైపు దొర్లించండి. అప్పుడు పాముకీ మీకూ మధ్య దుంగ అడ్డుగా ఉంటుంది. పిల్లలకు ప్లాస్టిక్ ఏరే పని మాత్రమే ఇవ్వండి.

సగానికి పైగా ఇసుకలో కూరుకుపోయిన మొద్దులను పెకలించకండి, అవి ఇసుకను పట్టి ఉంచుతాయి. వాటికి చుట్టుకున్న నైలాన్ వలలను మాత్రం కోసి తీసేయండి. సుత్తి ముద్ర (కలపకు గుర్తుగా సుత్తితో కొట్టే అచ్చు) ఉన్న టేకు దుంగ కనిపిస్తే కదపకుండా అటవీ సిబ్బందికి కబురు పెట్టండి. మిగిలిన పుల్లలను అక్కడే తగలబెట్టవద్దు, పడవలో ఒడ్డుకు చేర్చి వంటచెరకుగా పంచేయండి.