టెర్మినల్ తెరవగానే డీఎన్‌ఎస్ రిక్వెస్టులు పోతున్నాయా?
లినక్స్‌లో కొత్త టెర్మినల్ తెరిస్తే ప్రాంప్ట్ (కమాండ్ టైప్ చేసే లైను) రావడానికి ఐదారు సెకన్లు పట్టి, ఆలోపు డీఎన్‌ఎస్ రిక్వెస్టులు (కంప్యూటర్ పేరుకు అడ్రస్ అడిగే ప్రశ్నలు) బయటికి పోతుంటే టెన్షన్ పడకండి. ముందు బాష్‌ని, అంటే టెర్మినల్లో మీ కమాండ్లు నడిపే ప్రోగ్రామ్‌ని, నోఆర్‌సీ (--norc) ఆప్షన్‌తో నడపండి; అప్పుడది బాష్‌ఆర్‌సీ (~/.bashrc) అనే స్టార్టప్ ఫైల్ని చదవదు. వెంటనే తెరుచుకుంటే తప్పు మీ బాష్‌ఆర్‌సీలోనో, అది లోడ్ చేసే ఫైళ్లలోనో ఉంది. ఇక బాష్‌ని మైనస్ ఐ, మైనస్ ఎక్స్ (bash -i -x) కలిపి నడిపితే ఒక్కో లైనూ తెర మీద పడుతుంది. ఎక్కడ ఆగిపోతుందో, ఆలస్యానికి కారణం అదే లైను.

నా దగ్గర దొరికింది ప్రాంప్ట్ కోసం రాసుకున్న హోస్ట్‌నేమ్ మైనస్ ఎఫ్ (hostname -f) అనే కమాండ్. పూర్తి డొమైన్ పేరు కావాలని అది రిజాల్వర్‌ని (డీఎన్‌ఎస్‌లో పేర్లు వెతికిపెట్టే భాగాన్ని) అడుగుతుంది. ఆ మైనస్ ఎఫ్ తీసేస్తే కర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) దగ్గరున్న పేరే వచ్చేస్తుంది, నెట్‌వర్క్‌తో పనే లేదు. పూర్తి పేరు తప్పదనుకుంటే ఈటీసీలోని హోస్ట్స్ ఫైల్లో (/etc/hosts) రాసి పెట్టుకోండి.

నోఆర్‌సీతోనూ ఆలస్యమైతే స్ట్రేస్‌తో (strace, ప్రోగ్రామ్ కర్నెల్‌ని ఏమేం అడుగుతోందో చూపించే టూల్) నెట్‌వర్క్ కాల్స్ మాత్రం చూడండి.