పదకొండు వారాల ముందు కాలర్‌బోన్ విరిగింది: చాంపియన్‌షిప్ నాటికి మళ్లీ ఫామ్‌లోకి రావడం ఎలా

నేను సైక్లింగ్‌లో టైమ్ ట్రయల్ రైడర్‌ని, అంటే ఒక్కొక్కరుగా బయల్దేరి గడియారంతో పోటీపడే రేసు నాది. పుట్టింది వరంగల్, ఉద్యోగమూ ప్రాక్టీసూ సికింద్రాబాద్‌లో. జాతీయ రోడ్ చాంపియన్‌షిప్‌కి ఇంకా 11 వారాలు ఉందనగా, ఒకరోజు తెల్లవారుజామున కుక్క అడ్డొచ్చి పడిపోయాను. కుడి కాలర్‌బోన్ (మెడ నుంచి భుజం దాకా ముందువైపు ఉండే ఎముక) విరిగింది. మూడో రోజు ఆపరేషన్ చేసి ప్లేటు, స్క్రూలు వేశారు. ఆ తర్వాత నన్ను చాలామంది జూనియర్లు అడిగారు, "అక్కా, అంత తక్కువ టైమ్‌లో మళ్లీ ఎట్లా తయారయ్యావ్?" అని. వాళ్లందరికీ ఒకేచోట చెబుదామని ఇది రాస్తున్నాను. మీ దెబ్బ వేరే కావచ్చు, డెంగీ జ్వరం కావచ్చు, ఇంట్లో పరిస్థితుల వల్ల నెల రోజులు సైకిల్ ముట్టకపోయి ఉండొచ్చు. దారి దాదాపు ఇదే.

ఆసుపత్రి మంచం మీద నేను చేసిన మొదటి పని ఫోన్‌లో క్యాలెండర్ తీసి, ఎన్ని రైడ్లు పోతున్నాయో లెక్కపెట్టడం. చూడ్డానికొచ్చిన కోచ్ సార్ ఫోన్ పక్కన పెట్టించారు. "పోయినవి పోయినయ్ బిడ్డా. వాటిని పూడ్చాలని చూస్తే ఉన్న రోజులు కూడా పోతయ్. రేసు రోజు కాడి నుంచి వెనక్కి లెక్కపెట్టు" అన్నారు. నేను పాటించిన ప్లాన్ మొత్తం ఆ మాట మీదే నిలబడింది.

ఏ రోజుకి సిద్ధం కావాలి?

బెల్జియం సైక్లిస్టు రెమ్కో ఎవెనెపూల్ 2024 సీజన్ మీకు గుర్తుండే ఉంటుంది. ఏప్రిల్ 4న స్పెయిన్‌లో ఇత్సూలియా రేసులో పెద్ద క్రాష్ జరిగి, కాలర్‌బోన్, భుజం వెనక పలక ఎముక విరిగాయి. జూన్ మొదట్లో ఫ్రాన్స్‌లో క్రిటీరియం దు దోఫినే అనే, కొన్ని రోజులపాటు సాగే రేసుకి వచ్చాడు. అక్కడ టైమ్ ట్రయల్ గెలిచి లీడర్ జెర్సీ వేసుకున్నాడు, కానీ కొండల్లో నిలబడలేక చివరికి ఏడో స్థానంలో ముగించాడు. అప్పుడు చాలామంది ఇతను ఇంకా కోలుకోలేదన్నారు. జులైలో టూర్ ద ఫ్రాన్స్‌లో మూడో స్థానం. జులై 27న పారిస్ ఒలింపిక్స్ టైమ్ ట్రయల్‌లో స్వర్ణం, ఆగస్టు 3న 273 కిలోమీటర్ల రోడ్ రేసులో ఇంకో స్వర్ణం. ఒకే ఒలింపిక్స్‌లో ఆ రెండూ గెలిచిన మొదటి మగ రైడర్ అతనే.

నాకు ఆ రెండు స్వర్ణాల కన్నా దోఫినేలోని ఏడో స్థానమే పెద్ద పాఠం. జూన్‌లో కొండ మీద వెనకబడినంత మాత్రాన పని చెడలేదు. ఆ రోజుకి ఉండాల్సినంత ఫామ్ ఉంది, మిగతాది తర్వాత వచ్చింది. మీరూ అలాగే ఒక తేదీ రాసుకోండి. మధ్యలో వచ్చే రాష్ట్ర స్థాయి పోటీలు, క్లబ్ రేసులు అన్నీ ప్రాక్టీసే. వాటిలో ఓడిపోవడానికి ముందే మనసుని సిద్ధం చేసుకోండి. నేను మధ్యలో ఒక రేసు పూర్తిగా వదిలేశాను. బాధగా ఉండింది, కానీ వదిలేశాను.

మొదటి రెండు వారాలు

ఈ రెండు వారాల్లో సైకిల్ తొక్కడం తప్ప మిగతా పనులన్నీ చేయాలి.

మొదటిది మందులు. దెబ్బ తగిలిన క్రీడాకారులు తెలియకుండా పొరపాటు చేసేది ఇక్కడే. ఆపరేషన్ తర్వాత నొప్పికి మామూలుగా రాసే ట్రమడాల్ 2024 జనవరి 1 నుంచి పోటీ సమయంలో వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నిషేధించిన మందుల్లో ఉంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు (గ్లూకోకార్టికాయిడ్లు) కూడా పోటీ సమయంలో 2022 నుంచి నిషేధం. డాక్టర్‌కి ముందే "నేను డోపింగ్ పరీక్షలకు లోబడి ఆడే క్రీడాకారిణిని" అని చెప్పండి. డిశ్చార్జ్ చీటీ, ప్రిస్క్రిప్షన్లు అన్నీ ఫోటో తీసి దాచుకోండి. వేరే దారి లేని మందైతే టీయూఈ అనే వైద్య మినహాయింపుకి దరఖాస్తు పెట్టాలి. జిమ్‌లో ఎవరో ఇచ్చిన "రికవరీ పౌడర్" మాత్రం ముట్టొద్దు. డబ్బా మీద రాయనివి కూడా లోపల ఉండొచ్చు, పరీక్షలో దొరికితే బాధ్యత మనదే.

రెండోది సైకిల్. మీరు పడ్డారంటే అదీ పడింది. హెల్మెట్ బయటికి బాగానే కనిపించినా మార్చేయండి. లోపలి ఫోమ్ ఒక్కసారే దెబ్బ ఆపుతుంది. కార్బన్ ఫ్రేమ్, ఫోర్క్, హ్యాండిల్‌బార్ శుభ్రంగా తుడిచి, మంచి వెలుతురులో సన్నని గీతలు ఉన్నాయేమో వెతకండి. నా సైకిల్‌కి వెనక డిరైలర్ హ్యాంగర్ (గేర్లు మార్చే భాగాన్ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే ముక్క) కొద్దిగా వంగింది. మెకానిక్ అన్న చూసి చెప్పేదాకా నాకు తెలియలేదు. అలాగే తొక్కి ఉంటే ఏదో ఒకరోజు పెద్ద గేర్ నుంచి చైన్ చక్రం పుల్లల్లోకి వెళ్లేది.

మూడోది రక్త పరీక్ష. హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి ఊరుకోకండి, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది) కూడా చూపించుకోండి. మన అమ్మాయిల్లో ఐరన్ తక్కువ ఉండడం చాలా మామూలు. నాకూ తక్కువే వచ్చింది. డాక్టర్ రాసిన మాత్ర నిమ్మరసంతో వేసుకున్నాను, దానికి అటూఇటూ టీ, పాలు మానేశాను. అవి ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు. నెలసరి తేదీలు కూడా ట్రైనింగ్ డైరీలోనే రాసుకోండి. తిండి తగ్గించి తొక్కడం వల్ల నెలసరి ఆగిపోతే దాన్ని ఫిట్‌నెస్ అనుకోవద్దు. అది ఎముక అతకడానికి కూడా చేటు. దెబ్బ తగిలినప్పుడు బరువు పెరుగుతానేమోనని తిండి మానే పిల్లల్ని చూశాను. దయచేసి ఆ పని చేయకండి.

గదిలో ట్రైనర్ మీద

డాక్టర్ ఒప్పుకున్నాక 13వ రోజు ట్రైనర్ (సైకిల్‌ని గదిలోనే నిలబెట్టి తొక్కే స్టాండు) ఎక్కాను. చెయ్యి స్లింగ్‌లోనే ఉంది, నిటారుగా కూర్చుని 25 నిమిషాలు. చాలా తక్కువ వాట్స్‌కే (పెడల్ మీద పెట్టే శక్తికి కొలత) గుండె మునుపటి కన్నా గట్టిగా కొట్టుకుంది. భయపడ్డాను. దీనికి కారణం ఉంది. మంచాన పడ్డ కొద్ది రోజుల్లోనే రక్తంలో ప్లాస్మా (నీటి భాగం) తగ్గుతుంది, గుండె ఒక్కో కొట్టుకి పంపే రక్తం తగ్గుతుంది. తొక్కడం మొదలెడితే ఇదే అన్నిటికన్నా త్వరగా తిరిగొస్తుంది. ఏళ్ల తరబడి తొక్కి కండరాల్లో పెంచుకున్న సన్నని రక్తనాళాలు అంత తొందరగా పోవు. అందుకే మొదటి వారం హార్ట్ రేట్ చూసి ఏ నిర్ణయమూ తీసుకోకండి.

గదిలో రెండు ఫ్యాన్లు పెట్టుకోండి, ఒకటి ఛాతీకి, ఒకటి వీపుకి. హైదరాబాద్ ఎండాకాలంలో ఒక్క ఫ్యాన్‌తో గంట తొక్కితే కాళ్ల కన్నా ముందు ఒళ్లు వేడెక్కి ఆగిపోతుంది.

నాలుగో వారం చివర 20 నిమిషాల పరీక్ష పెట్టారు సార్. సగటు 206 వాట్స్. దాన్లో 95 శాతం అంటే 196, అదే నా ఎఫ్‌టీపీ, అంటే సుమారు గంటసేపు నిలబెట్టగలిగే శక్తి. పడకముందు 228. ఆ రాత్రి ఏడ్చాను. కానీ ఆ అంకె తెలియడం అవసరం. పాత ఎఫ్‌టీపీ పెట్టుకుని ఇంటర్వెల్స్ (మధ్యలో విరామమిస్తూ గట్టిగా తొక్కే విడతలు) చేస్తే ప్రతి సెషనూ సగంలో ఆగిపోతుంది, నాలుగు రోజుల్లో మనసు విరిగిపోతుంది. ఇవాళ్టి అంకెతోనే ఇవాళ్టి పని చేయాలి.

ఇంకో లెక్క కూడా నేర్చుకోండి. ట్రైనింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఫిట్‌నెస్ అని చూపించేది సుమారు 42 రోజుల లోడ్ (రోజూ పడ్డ శ్రమకి అది ఇచ్చే అంకె) సగటు. అలసట అంటే 7 రోజుల సగటు. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే వచ్చేదే ఫామ్. నా ఫిట్‌నెస్ 82 నుంచి 52కి పడింది. వారానికి 5 కన్నా ఎక్కువ పెంచొద్దని సార్ గీత గీశారు. అంతకు మించి పెంచిన వాళ్లకి మోకాలో, జలుబో తప్పకుండా వస్తుందని ఆయన అనుభవం. దాన్ని బట్టి చూస్తే రేసు నాటికి 82 చేరలేనని ముందే తెలిసిపోయింది. 74 దాకా వచ్చాను. ఉన్న 74తో తాజాగా ఉన్న కాళ్లు, లాక్కొచ్చిన 82తో అలసిపోయిన కాళ్ల కన్నా నయం.

వారం ఇలా ఉండేది. మూడు రోజులు 120–140 వాట్స్ మధ్య గంటన్నర, మాట్లాడుతూ తొక్కగలిగే వేగం. రెండు రోజులు గట్టి పని: మొదట్లో 12 నిమిషాల చొప్పున మూడుసార్లు 175 వాట్స్ దగ్గర, తర్వాత వారాల్లో 20 నిమిషాల చొప్పున రెండుసార్లు రేసు వేగానికి దగ్గరగా. ఒకరోజు బలం వ్యాయామాలు, ఫిజియో చెప్పినవి మాత్రమే. ఒకరోజు పూర్తిగా విశ్రాంతి. ఆ రోజు బజారుకి కూడా వెళ్లొద్దనేవారు సార్. గట్టి రోజు రెండు వరుసగా రాకూడదు. ముందురోజు నిద్ర ఆరు గంటల కన్నా తక్కువైతే గట్టి పని మర్నాటికి జరిపేవాళ్లం, దాన్ని పూడ్చేవాళ్లం కాదు.

మళ్లీ రోడ్డు మీదికి, మళ్లీ ఏరోబార్ మీదికి

ఆరు వారాలకు ఎక్స్‌రే చూసి డాక్టర్ రోడ్డుకి వెళ్లమన్నారు. మొదటి రైడ్లు హైదరాబాద్ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన సోలార్ కప్పు ఉన్న సైకిల్ ట్రాక్ మీద చేశాను. 2023 అక్టోబర్‌లో తెరిచిన ఆ 23 కిలోమీటర్ల ట్రాక్ మీద బండ్లు రావు, అది నాకు దేవుడిచ్చిన వరంలా అనిపించింది. అయినా నడిచేవాళ్లు, పిల్లలు ఉంటారు, అక్కడ రేసు వేగం చేయకూడదు. ఐదున్నరకే వెళ్లి నెమ్మదిగా తొక్కి వచ్చేదాన్ని.

రోడ్డు మీద కాళ్ల కన్నా పెద్ద సమస్య భయం. కుక్క కనిపిస్తే చేతులు బ్రేకుల మీద బిగుసుకునేవి. దీనికి నేను చేసింది ఒక్కటే. ఒక తోటి రైడర్‌ని ముందు పెట్టుకుని రెండు వారాలు ఆమె వెనకే వెళ్లాను. మోచేతులు వదులుగా పెట్టు, దూరంగా చూడు అని ఆమె పదేపదే గుర్తుచేసేది. భయం ఉందని చెప్పుకోవడానికి మొహమాటపడకండి. దాచుకుంటే మలుపుల్లో అది బయటపడుతుంది.

టైమ్ ట్రయల్ రైడర్‌కి ఇంకో కష్టం. ఏరోబార్ (మోచేతులు ఆనించి ముందుకి వంగడానికి పెట్టే హ్యాండిల్) మీద వంగితే పైభాగం బరువు మోచేతుల మీదుగా నేరుగా భుజంలోకి వస్తుంది. మొదటిసారి 30 సెకన్లకే ప్లేటు దగ్గర లాగింది. స్పేసర్లు (ఎత్తు పెంచే బిళ్లలు) వేసి మోచేతుల ప్యాడ్లు 15 మిల్లీమీటర్లు పైకి లేపాం. రోజూ ట్రైనర్ మీద కొంచెం కొంచెం పెంచాం: మొదట నిమిషం వంగి నిమిషం లేచి, తర్వాత మూడు నిమిషాలు, తర్వాత పది. లాగుతున్నట్టు ఉంటే కొనసాగించాను, పొడిచినట్టు ఉంటే అక్కడికక్కడే లేచాను. ఎనిమిదో వారానికి 20 నిమిషాలు వంగి ఉండగలిగాను. స్పేసర్లలో 5 మిల్లీమీటర్లు తీశాం, మిగతా 10 రేసులో కూడా అలాగే ఉంచాం. గాలికి కొంచెం నష్టమే. కానీ ఎత్తుగా ఉన్న పొజిషన్‌లో చివరి దాకా ఉండడం, కిందికి వంగి మధ్యలో నాలుగుసార్లు లేవడం కన్నా వేగం.

తిండి గురించి ఎక్కువ చెప్పను. రెండు గంటలు దాటే రైడ్‌లో గంటకి 60 గ్రాముల కార్బోహైడ్రేట్ తీసుకోండి. ఒక అరటిపండు, చిన్న బెల్లం ముక్క, చక్కెర, ఉప్పు, నిమ్మకాయ కలిపిన సీసా ఉంటే సరిపోతుంది, ఖరీదైన జెల్స్ అక్కర్లేదు. రేసులో ఏం తింటారో, తాగుతారో అదే ప్రాక్టీసులోనూ అలవాటు చేసుకోండి.

చివరి పది రోజులు

తొమ్మిదో వారంలో ఎఫ్‌టీపీ 218కి వచ్చింది. ఇక పెంచేది లేదు. వారానికి 11 గంటలు తొక్కేదాన్ని, దాన్ని సగానికి తగ్గించాం. గంటలే తగ్గించాం, వేగం తగ్గించలేదు. ఇది చాలామంది తలకిందులుగా చేస్తారు, రోజూ నెమ్మదిగా రెండేసి గంటలు తొక్కుతూనే ఉంటారు. కాళ్లు మొద్దుబారతాయి. రేసు వేగంతో 8 నిమిషాల చొప్పున రెండుసార్లు, రెండు రోజుల తర్వాత నిమిషం చొప్పున నాలుగుసార్లు, అంతే.

రేసుకి ఆరు రోజుల ముందు కాళ్లు సీసంలా బరువెక్కాయి. ఫామ్ పోయిందనుకుని 80 కిలోమీటర్లు తొక్కుదామని పొద్దున్నే బట్టలేసుకున్నాను. టెన్షన్ ఆగక సార్‌కి ఫోన్ చేశాను. "అది ఒళ్లు బాగుపడే బరువు బిడ్డా. ఇయ్యాల నువ్ చేయగలిగే పనేం లేదు, చెడగొట్టగలవ్ అంతే. పండుకో" అన్నారు. పడుకున్నాను. మూడు రోజులకి కాళ్లు తేలికయ్యాయి. టేపర్‌లో, అంటే రేసు ముందు ఇలా గంటలు తగ్గించే రోజుల్లో, ఈ బరువు చాలామందికి వస్తుంది, దాన్ని పరీక్షించడానికి రైడ్‌కి వెళ్లకండి.

ముందురోజు కిలో బరువుకి 8 గ్రాముల చొప్పున కార్బోహైడ్రేట్ తిన్నాను. నాది 56 కిలోలు కాబట్టి సుమారు 450 గ్రాములు. తెల్లన్నం, పెరుగు, ఇడ్లీ, ఆలుగడ్డ. ఆకుకూరలు, పప్పు తగ్గించాను, కడుపు తేలిగ్గా ఉండాలని. అంతకుముందు 40 నిమిషాలు తొక్కి, మధ్యలో మూడుసార్లు నిమిషం గట్టిగా లాగాను. రైల్లో పెట్టెలో వచ్చిన సైకిల్‌ని రాత్రికి వదిలేయకుండా వెంటనే బిగించి, తొక్కి చూసి, బోల్టులు టార్క్ రెంచ్‌తో చూశాను.

రేసు పొద్దున 35 నిమిషాల వార్మప్. స్టార్ట్‌కి పది నిమిషాల ముందు ముగించాను. ర్యాంప్ మీద వెనక సైకిల్ పట్టుకునే మనిషి భుజం తాకినప్పుడు ప్లేటు ఉన్న చోట గుండె దడ వినిపించింది. సార్ చెప్పింది ఒక్కటే గుర్తుంది: మొదటి మూడు నిమిషాలు కాళ్లు ఎంత అడిగినా అనుకున్న వాట్స్ కన్నా పది తక్కువే. ఐదు, నాలుగు, మూడు అని లెక్కపెడుతుంటే మీటర్ మీద 205 అంకె వెతుక్కున్నాను. ముందు రైడర్ చాలా దూరం వెళ్లిపోయింది, నేను 205 దగ్గరే ఉన్నాను. నాలుగో నిమిషంలో 215కి పెంచాను. చివరికి ఐదో స్థానం వచ్చింది. ముందు వెళ్లిన ఆ అమ్మాయిని సగం దూరం తర్వాత దాటాను.