వేదసాక్షుల స్వరూపాలకు రంగులు వేసేవాళ్ల కోసం

పండుగ దగ్గర పడిందంటే మన డెల్టాలోని కతోలిక గుడుల్లో (చర్చిల్లో) పాత స్వరూపాలకు, అంటే పునీతుల బొమ్మలకు, మళ్లీ రంగులు వేయిస్తారు. పాలకొల్లు, నరసాపురం చుట్టుపక్కల నేను చేసే పని ఇదే. కొత్తగా ఈ పనికి వచ్చే కుర్రాళ్లకు మొదట చెప్పేది, డబ్బా మూత తీసే ముందు ఆ స్వరూపం ఎవరిదో తెలుసుకోమని.

చేతిలో ఖర్జూర మట్ట ఉంటే వేదసాక్షి, అంటే క్రీస్తు విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన పునీతుడో పునీతురాలో, అని దాదాపు ఖాయం. రోమీయుల కాలంలో అది గెలిచినవాళ్లకిచ్చే మట్ట. బైబిల్లోని ప్రకటన గ్రంథం 7వ అధ్యాయంలో తెల్లని వస్త్రాలు వేసుకున్నవాళ్ల చేతుల్లోనూ ఉంటుంది. మనవాళ్లు చేయి అలవాటుకొద్దీ దాన్ని కొబ్బరాకులా వాలిపోయేట్టు వేసేస్తారు. పొలం గట్టు మీద ఈతచెట్టు చూడండి, ఆకులు బిరుసుగా, కొస వాడిగా ఉంటాయి. అలాగే వేయాలి.

తర్వాత రెండో గుర్తు వెతకండి. రాళ్లుంటే పునీత స్తెఫాను, మొదటి వేదసాక్షి. ఆ రాళ్లకు బూడిద రంగే వేయండి, గోధుమ రంగు వేస్తే చూసేవాళ్లు రొట్టెలనుకుంటారు. పక్కన ఇనుప చువ్వల చట్రం ఉంటే పునీత లారెన్స్, 258లో రోములో చంపబడ్డ డీకన్ (గుడి సేవలో గురువులకు తోడుండేవాడు). కాళ్ల దగ్గర గొర్రెపిల్ల ఉంటే ఆగ్నేసమ్మ. పళ్లెంలో కళ్లుంటే లూసియమ్మ. ఆమె ముఖం మీద కూడా రెండు కళ్లూ చక్కగా తెరిచి ఉండాలి. కళ్లు పెరికిన కథ తర్వాతి కాలంలో చేరింది.

ఎక్కువ జాగ్రత్త కావలసింది ఒంటి నిండా బాణాలు గుచ్చుకుని కనబడే పునీత సెబాస్టియన్ దగ్గర. జనవరి 20 ఆయన పండుగ. రోమా చక్రవర్తి డయొక్లీషియన్ కాలంలో సైనికుడు. బాణాలతో ఆయన చనిపోలేదని సంప్రదాయం చెబుతుంది. ఐరీన్ అనే విధవరాలు గాయాలు కట్టి బతికించింది. ఆయన మళ్లీ వెళ్లి చక్రవర్తి ముందే నిలబడితే దుడ్డుకర్రలతో కొట్టించి చంపారు. ఇది తెలిసిన చేయి ఆ ఒంటి మీద ఎర్ర ఎనామిల్ ధారలు కార్చదు. ఎరుపులో కాస్త ముదురు గోధుమ కలిపి, టర్పెంటైన్‌తో పల్చన చేసి, ప్రతి గాయం నుంచి సన్న కుంచెతో చిన్న గీత కిందికి లాగితే చాలు. బాణాలు ఊడివచ్చేవైతే ఏది ఏ రంధ్రంలోదో నంబరు వేసుకుని తీసి, విడిగా రంగు వేసి పెట్టండి.

రోములోని సాన్ పియెత్రో ఇన్ విన్కోలి గుడిలో 7వ శతాబ్దపు మొజాయిక్ (చిన్న చిన్న రంగు ముక్కలు అతికించి చేసిన బొమ్మ) ఒకటుంది. అందులో సెబాస్టియన్ గడ్డంతో, నిండుగా బట్టలతో, పెద్దవయసువాడిలా ఉంటాడు. ఒక్క బాణం కూడా లేదు. ఇటలీలోనే రవెన్నా ఊళ్లోని సాంత్ అపొల్లినారె నువొవొ గుడిలో 26 మంది వేదసాక్షులు తెల్లని బట్టల్లో, చేతుల్లో కిరీటాలతో ఖర్జూర చెట్ల మధ్య బారులు తీరి ఉంటారు. ఒక్కరి ఒంటి మీదా గాయం కనబడదు. ఆ పాతకాలపువాళ్లు హింసను కాదు, గెలుపును చూపించారు. నాకు అదే సరైన దారి అనిపిస్తుంది. మీ ముందున్న స్వరూపానికి గాయాలుంటే చెరపక్కర్లేదు, కానీ ముఖంలో నొప్పి పెంచొద్దు.

ఇక పని సంగతి. సముద్రం దగ్గరి గుడుల్లో, అంతర్వేది వైపు మరీనూ, స్వరూపం మీద ఉప్పు పేరుకుంటుంది. ప్లాస్టర్ బొమ్మైతే తడి గుడ్డతో, ఫైబర్‌దైతే మంచినీళ్లతో తుడిచి బాగా ఆరనివ్వండి. లేచిన పాత రంగును ఎమరీ పేపర్‌తో గీకి, పగుళ్లకు పుట్టీ పెట్టి, ప్రైమర్ కొట్టి ఒక రోజంతా వదిలేయండి. ముసురు పట్టిన రోజుల్లో ముట్టుకోవద్దు. ముఖానికి, చేతులకు మెరుపు లేని రంగే వాడండి, లేకపోతే ట్యూబ్‌లైటు కింద ముఖకవళికలే కనబడవు. బట్టలకు మెరుపున్నా పరవాలేదు.

తేరు మీద ఊరేగించే స్వరూపమైతే మొదట విరిగేది ఖర్జూర మట్టే. పూలదండలు దానికే తగులుకుంటాయి. రంగు వేయకముందే మట్ట వెనక సన్నని ఇనుప తీగ అతికించి, పైన పుట్టీ పూయండి.