సముద్రపు బురదలో యాంటీబయాటిక్ వేట: తిరుపతి ల్యాబ్‌లో కూర్చుని ఎలా చేయాలి

ఎమ్మెస్సీ ప్రాజెక్టు అనగానే మన తిరుపతిలో చాలామంది కొండ కింద మట్టి ఓ కవర్లో పోసుకొచ్చి మొదలుపెట్టేస్తారు. తప్పేం లేదు. 1943లో స్ట్రెప్టోమైసిన్ దొరికింది మట్టి బ్యాక్టీరియాలోనే, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఆధ్వర్యంలో లెడర్లే కంపెనీలో బయటపడ్డ ఆరియోమైసిన్ కూడా మట్టిదే. కాకపోతే ఎనభై ఏళ్లుగా ప్రపంచమంతా అదే మట్టి గీకుతుంటే దొరికిందే మళ్లీ మళ్లీ దొరుకుతోంది. అందుకే ఒకసారి సముద్రం అడుగు చూడండి అంటాను. జపాన్ సముద్రంలో 289 మీటర్ల లోతు నుంచి తీసిన బురదలో వెర్రుకోసిస్పోరా అనే ఆక్టినోమైసీట్ (బూజులా దారాలుగా పెరిగే బ్యాక్టీరియా) దొరికింది. అది తయారుచేసే అబిస్సోమైసిన్, మందులకు లొంగని స్టాఫ్‌ని (చీము పుండ్లు తెచ్చే స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా) కూడా ఆపుతుంది. అమెరికాలో స్క్రిప్స్ సంస్థకు చెందిన ఫెనికల్, జెన్సెన్ బృందం బహామాస్ బురదలో శాలినిస్పోరా అని ఇంకోదాన్ని పట్టుకుంది, అందులోంచి క్యాన్సర్ మందు కోసం పరీక్షించిన పదార్థం వచ్చింది.

మనకు సముద్రం దూరమేం కాదు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్లూరుపేట వైపంతా తిరుపతి జిల్లాలోకే వచ్చింది. పులికాట్ దగ్గరే కదా అని చాలామంది అక్కడికే పోతారు గానీ అది ఉప్పు కయ్య, వానాకాలం ఒక ఉప్పు, ఎండాకాలం ఒక ఉప్పు. పైగా పక్షుల అభయారణ్యం, అటవీశాఖ అనుమతి లేకుండా బురదలో దిగొద్దు. నేనైతే వాకాడు మండలం తూపిలిపాలెం వెళ్లి, వేటకు పోయే పడవవాళ్లని బతిమాలుకుంటాను. ఒడ్డున అలలు కడిగేసిన ఇసకలో పెద్దగా ఏమీ ఉండదు, వేళ్ల మధ్య రుద్దితే జిగటగా, నల్లగా ఉండే సన్న ఒండ్రు కావాలి మనకి. గ్రాబ్ (తాడుతో దింపితే అడుగు బురదని పట్టి తెచ్చే ఇనుప దవడ) ఉంటే సరే, లేకపోతే ఈత వచ్చినవాళ్లు దిగి, మూతి కోసేసిన స్టెరైల్ సిరంజిని బురదలో గుచ్చి పైన మూడు నాలుగు సెంటీమీటర్లు తీస్తే చాలు. తీసిన చోటు, లోతు, తేదీ, నీటి ఉప్పు శాతం అక్కడికక్కడే రాసుకోండి, ల్యాబ్‌కొచ్చాక రాద్దాంలే అంటే గుర్తుండి చావదు. ఐదు లీటర్ల క్యాన్ నిండా సముద్రపు నీళ్లు కూడా పట్టుకోండి, ఎందుకో తర్వాత చెప్తాను.

ఐసు వేసిన థర్మోకోల్ పెట్టెలో పెట్టి అదే రోజు తెచ్చేయాలి. శ్రీకాళహస్తి బస్సులో కండక్టరు పెట్టె చూసి "ఏంనా, రొయ్యలా?" అన్నాడు. బురద అంటే నమ్మలేదు, మూత తీసి చూపించాల్సి వచ్చింది.

ఇక్కడో మాట. ఇదంతా ల్యాబ్‌లో చేసే పని, ఇంట్లో వంటగదిలో కాదు. ఏ బ్యాక్టీరియాని పెంచుతున్నామో మనకే తెలీదు. ఆటోక్లేవ్ (ఆవిరి ఒత్తిడితో క్రిముల్ని చంపే పెద్ద కుక్కర్), ఫ్లో హుడ్ (వడగట్టిన గాలి వీచే శుభ్రమైన పెట్టె), పక్కన తెలిసిన మనిషి ఉండాలి. పారేసే ప్రతి ప్లేటూ 121 డిగ్రీల దగ్గర ఉడికాకే బయటికి పోవాలి.

తెచ్చిన బురదని అలాగే ప్లేటు మీద పోస్తే మామూలు బ్యాక్టీరియా రెండు రోజుల్లో ప్లేటంతా ఆక్రమించేస్తుంది. మనం వెతికే ఆక్టినోమైసీట్లు నిదానస్తులు. కాబట్టి ముందు మిగతావాళ్లని కాస్త తగ్గించాలి: బురదని స్టెరైల్ పెట్రీ ప్లేట్‌లో పలచగా పరిచి హుడ్‌లో రాత్రంతా ఆరబెట్టండి, ఆరినదాన్ని పొడి చేసి, ఒక గ్రాము 9 మిల్లీలీటర్ల స్టెరైల్ సముద్రపు నీళ్లలో కలిపి 55 డిగ్రీల వాటర్ బాత్‌లో పది నిమిషాలు ఉంచండి. ఆక్టినోమైసీట్ల స్పోర్లు (విత్తనాల్లాంటివి) తట్టుకుంటాయి, చాలావరకు మిగతావి తట్టుకోవు. ఆ తర్వాత పదో వంతు, వందో వంతు, వెయ్యో వంతు పలచన చేసి ఒక్కో ప్లేటుకి 0.1 మిల్లీలీటరు పరచండి.

మీడియా (బ్యాక్టీరియాకి పెట్టే తిండి) సులభమే. లీటరుకి స్టార్చ్ 10 గ్రాములు, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 4, పెప్టోన్ 2, అగార్ (జెల్లీలా గట్టిపరిచేది) 18. దాంతోపాటు ఇదే మీడియాని పదో వంతు తిండితో (అగార్ మాత్రం అంతే) ఇంకో సెట్ చేయండి, ఆకలికి అలవాటుపడ్డవి అందులోనే ఎక్కువ వస్తాయి. నీళ్లు మాత్రం డిస్టిల్డ్ వద్దు, ఆ క్యాన్‌లో తెచ్చిన సముద్రపు నీళ్లు వడగట్టి వాడండి. మామూలు నీళ్లతో చేసిన ప్లేటు మీద శాలినిస్పోరా లాంటివి మొలకెత్తవు, అప్పుడు మీరు అంత దూరం పోయి తెచ్చింది ఒడ్డు నుంచి కొట్టుకొచ్చిన నేల బ్యాక్టీరియానే అవుతుంది. ఆటోక్లేవ్ నుంచి తీసినప్పుడు తెల్లగా విరిగినట్టు కనిపిస్తే కంగారు పడొద్దు, ఉప్పులు అడుగు పడతాయంతే. ఫ్లాస్క్ చేత్తో పట్టుకోగలిగేంత వేడికి దిగాక బూజు రాకుండా సైక్లోహెక్సిమైడ్ మిల్లీలీటరుకి 50 మైక్రోగ్రాములు (విషం, గ్లవ్స్ తప్పనిసరి), గ్రామ్ నెగిటివ్‌లు (ఈ.కోలై లాంటి బ్యాక్టీరియా వర్గం) రాకుండా నాలిడిక్సిక్ యాసిడ్ 20 మైక్రోగ్రాములు కలపండి. ఈ నాలిడిక్సిక్ యాసిడ్‌ని గుర్తుపెట్టుకోండి, కింద నా పరువు తీసింది ఇదే.

ప్లేట్లు 28 డిగ్రీల దగ్గర పెట్టి ఇక ఎదురుచూడాలి. వారం కాదు, నాలుగు నుంచి ఆరు వారాలు. మొదటిసారి నేను ఎనిమిదో రోజు చూసి ఏం రాలేదని సగం ప్లేట్లు ఆటోక్లేవ్‌లో వేసేశాను, మర్చిపోయి మూలన వదిలేసిన రెండు ప్లేట్ల మీద ఇరవై ఏడో రోజు నారింజ రంగు కాలనీలు కనిపించాయి, ఆ రోజు నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయలేను. మన ఊరి ఎండలకి ఇంకో టెన్షన్ ఏంటంటే, మే నెలలో కరెంటు పోతే ఇంక్యుబేటర్ లోపల కూడా వేడెక్కి అగార్ ఎండి పగిలిపోతుంది. నేను ప్లేట్లకి పారాఫిల్మ్ చుట్టి పెద్ద స్టీలు డబ్బాలో తడి దూదితో పాటు పెట్టేవాణ్ణి. మా అమ్మ మురుకులు పోసుకునే డబ్బా అది, మళ్లీ ఇంటికి తీసుకుపోలేదు లెండి.

ఏ కాలనీ తీయాలి? నిగనిగలాడుతూ జారిపోయేవి కాదు. తోలులా గట్టిగా అగార్‌లోకి వేళ్లూనుకుని, లూప్‌తో గీకితే ఊడకుండా ముక్కలుగా విరిగేవి, పైన సుద్దపొడి చల్లినట్టున్నవి తీయండి. కొన్నింటికి తొలకరి వాన పడ్డ నేల వాసన వస్తుంది (అదే జియోస్మిన్), కానీ మూత తీసి ముక్కు పెట్టి చూడకండి దయచేసి. ఒక్కోదాన్నీ మందులు కలపని కొత్త ప్లేటు మీద రెండు మూడు సార్లు గీసి శుద్ధి చేసుకోండి.

ఇప్పుడు పరీక్ష. శుద్ధి చేసిన కాలనీ ప్లేటంతా పెరిగాక, అందులోంచి 6 మిల్లీమీటర్ల బిళ్ల కోసి, ముల్లర్ హింటన్ అగార్ (ఈ పరీక్షకి వాడే మీడియా) మీద 0.5 మెక్‌ఫర్లాండ్ చిక్కదనంలో (బ్యాక్టీరియా కలిపిన నీళ్ల మసకని కొలిచే ప్రమాణం) పరిచిన స్టాఫ్, బాసిల్లస్ సబ్టిలిస్, ఈ.కోలై లాన్‌ల (ప్లేటంతా సమంగా పరిచిన పొరల) మీద పెట్టి 37 డిగ్రీల దగ్గర ఒక రోజు ఉంచాలి. బిళ్ల చుట్టూ ఏమీ పెరగని ఉంగరం (జోన్) వస్తే దాన్ని కొలవండి. నాకు మొట్టమొదట ఈ.కోలై మీద 18 మిల్లీమీటర్ల జోన్ వచ్చింది. ల్యాబ్ అందరికీ సమోసాలు తెప్పించాను. మా సార్ సమోసా తింటూనే "ఖాళీ మీడియా బిళ్ల పెట్టావా?" అన్నారు. పెట్టలేదు. పెట్టి చూస్తే దానికీ అంతే జోన్. తొందరలో మొదటి ప్లేటు నుంచే బిళ్ల కోశాను కదా, ఈ.కోలైని చంపింది నా బ్యాక్టీరియా కాదు, నేను పోసిన నాలిడిక్సిక్ యాసిడ్.

కాబట్టి ఏమీ పెరగని మీడియా బిళ్ల ప్రతి ప్లేటు మీదా ఉండాల్సిందే. క్రాస్ స్ట్రీక్ (బిళ్ల కోయకుండా, ఒకే ప్లేటు మీద మన బ్యాక్టీరియా గీతకి అడ్డంగా ఈ.కోలైని గీయడం) చేసేవాళ్లకి ఇంకో ముప్పు: సముద్రపు నీళ్ల అగార్ మీద ఈ.కోలై అసలే నీరసంగా పెరుగుతుంది, దాన్ని చూసి చచ్చిపోయిందని మురిసిపోతారు. యాసిడ్ వదిలే బ్యాక్టీరియా కూడా జోన్ చూపిస్తుంది, ద్రవంలో పెంచాక పీహెచ్ 7కి తెచ్చి మళ్లీ పరీక్షిస్తే బండారం బయటపడుతుంది.

ఇవన్నీ దాటి నిలబడ్డవాటినే ఫ్లాస్క్‌లో వేయండి. 250 మిల్లీలీటర్ల ఫ్లాస్క్‌లో 50 మిల్లీలీటర్లు, షేకర్ మీద ఏడు రోజులు, తర్వాత సమాన పరిమాణంలో ఇథైల్ అసిటేట్‌తో రెండుసార్లు తీసి, ఆవిరి చేసి, మిగిలిన జిడ్డుని డిస్క్ మీద వేసి చూడాలి, ఉత్త ఇథైల్ అసిటేట్ ఆరబెట్టిన డిస్క్ పక్కనే పెట్టి. పేరు తెలియాలంటే 27ఎఫ్, 1492ఆర్ ప్రైమర్లతో (డీఎన్ఏ కాపీ మొదలుపెట్టే చిన్న ముక్కలు) 16ఎస్ జీన్ (బ్యాక్టీరియాని గుర్తుపట్టడానికి వాడే జన్యువు) చదివించండి, తెలిసిన జాతులతో పోలిక 98.65 శాతం కంటే తక్కువ వస్తే కొత్త జాతి కావచ్చు. కొత్త జాతి అయినంత మాత్రాన కొత్త మందు కాదు, ఆక్టినోమైసిన్ లాంటి పాత సరుకే మళ్లీ తగలొచ్చు, అందుకే మాస్ స్పెక్ట్రోమీటర్ ఉన్న ల్యాబ్‌ని వెతికి ఆ పదార్థం అణువు బరువు చూపించుకోవడం మంచిది. శాంపిల్ బయటి దేశానికి పంపాలంటే మాత్రం 2002 జీవవైవిధ్య చట్టం ఉంది, ముందు మీ గైడ్‌ని అడగండి.

చివరగా, జోన్ వచ్చిన రోజే 20 శాతం గ్లిసరాల్‌లో కలిపి నాలుగైదు ట్యూబులు మైనస్ 80లో పడేయండి. ప్లేటు నుంచి ప్లేటుకి మారుస్తూ పోతే ఐదో ఆరో సారికి అది మందు తయారుచేయడం మానేయొచ్చు, నా దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా బాగా పనిచేసింది అలాగే మూగబోయింది. ట్యూబు మీద పేరు మార్కర్‌తో రాయకండి, స్పిరిట్ చెయ్యి తగిలితే చెరిగిపోతుంది. కాగితం లేబుల్ మీద పెన్సిల్‌తో రాసి పైన టేపు అంటించండి.