వానలో బ్లాక్ పౌడర్ రైఫిల్ పోటీకి దిగే ముందు

తిరుపతిలో నవంబరు సంగతి తెలిసిందే, పొద్దున ఎండ కాసినా మధ్యాహ్నానికి ముసురు పట్టేస్తుంది.

– మందు (బ్లాక్ పౌడర్, అంటే నల్ల తుపాకీ మందు) ఒక్కో షాట్‌కి సరిపడా ముందే కొలిచి మూత బిగుతుగా ఉండే ట్యూబుల్లో పోసుకోండి. డబ్బా నుంచి నేరుగా బ్యారెల్ (తుపాకీ గొట్టం)లోకి వద్దే వద్దు, లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే డబ్బా మొత్తం చేతిలోనే పేలుతుంది.

– లోడ్ చేసే ముందు నిపుల్ (నిప్పు పుట్టించే చిన్న టోపీ, అంటే క్యాప్, తొడిగే మొన), బ్యారెల్ పొడిగుడ్డతో తుడవండి. గుండు మందుకు ఆనే దాకా దిగాలి, మధ్యలో ఖాళీ ఉంటే బ్యారెలే పగలొచ్చు. గుండు పూర్తిగా దిగితే ఎక్కడిదాకా వెళ్తుందో కూరే కడ్డీ మీద గీత పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

– క్యాప్ పేలినా మందు అంటుకోలేదా? కనీసం ఒక నిమిషం బ్యారెల్ టార్గెట్ వైపే ఉంచండి, ఎవరు పిలిచినా తిరగొద్దు. తడి మందు ఆలస్యంగా పేలడం నిజంగా జరుగుతుంది.

– ఉరిమితే ఆపేయండి.

– ఆ రాత్రే వేడినీళ్లతో మసి కడిగి, ఆరబెట్టి, నూనె రాయండి.