కడిగిన తర్వాత బైక్ మిస్ అవుతోందా? ప్లగ్ గుంత చూడండి

నా బండిని కడిగిన ప్రతిసారీ ఇదే గొడవ. స్టార్ట్ అవుతుంది కానీ టప్ టప్‌మని మిస్ కొడుతూ, యాక్సిలరేటర్ తిప్పగానే ఆగిపోతుంది. ఎండలో పెట్టడం, కొత్త స్పార్క్ ప్లగ్ (ఇంజిన్‌లో పెట్రోలు మండేలా నిప్పురవ్వ ఇచ్చేది), ఎయిర్ ఫిల్టర్ మార్చడం, ఏదీ పనిచేయలేదు.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక ప్లగ్ క్యాప్ తీశాను. వైరు పట్టి గుంజకుండా, క్యాప్‌నే పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ లాగాలి. టార్చి వేస్తే ప్లగ్ చుట్టూ గుంతలో నీళ్లు మెరుస్తున్నాయి. అప్పుడే ప్లగ్ విప్పకండి, విప్పారంటే ఆ నీళ్లు సిలిండర్‌లోకే. సిలిండర్ హెడ్ పక్కన ఈ నీళ్లు కారిపోవడానికి సన్నని రంధ్రం ఉంది. మట్టి, గ్రీజు పట్టి పూడిపోయింది. సన్న తీగతో మెల్లగా పొడిస్తే ముందు నల్లటి బురద, వెనకే నీళ్లు వచ్చాయి. తర్వాత బ్లోయర్‌తో గుంతలోకీ, క్యాప్ లోపలికీ గాలి కొట్టి ఆరబెట్టాను. క్యాప్ రబ్బరు లోపలి అంచుకు కొద్దిగా డైఎలెక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వని, తేమను ఆపే గ్రీజు) రాసి, గట్టిగా కూర్చునేదాకా నొక్కాను. ఇప్పుడు కడిగిన వెంటనే కూడా మిస్ లేదు.

అన్ని బళ్లకూ ఇదే మందు అనను. ప్లగ్ బయటికే కనిపించే ఇంజిన్లలో ఇలాంటి గుంతే ఉండదు. క్యాప్ రబ్బరు చీలి ఉంటే రంధ్రం తెరిచినా తేమ చేరుతుంది, క్యాప్ మార్చాల్సిందే.