మాల తీశాక గడ్డం ఎలా దిద్దుకోవాలి

సంక్రాంతి దాటిందంటే కాజీపేటలోని మా సెలూన్‌కు శబరిమల వెళ్లొచ్చిన స్వాములు వరస కడతారు. 41 రోజుల దీక్షలో గడ్డం సెంటీమీటరు, సెంటీమీటరున్నర పెరుగుతుంది. కొందరు ఇంట్లోనే దాని మీద నేరుగా రేజర్ పెట్టేస్తారు. దయచేసి అలా చేయకండి, చర్మం పాడవుతుంది.

కత్తెర పట్టే ముందు నేను అడిగే మొదటి మాట, "ఎందుకు పెంచారన్నా?" వేములవాడ రాజన్న మొక్కు అంటే ముట్టుకోను, అది అక్కడ కల్యాణకట్టలో తీయాల్సింది. ఇంట్లో ఎవరైనా పోయి పెంచితే కర్మ రోజు దాకా ఆగాలి. భార్య కడుపుతో ఉందని పెంచేవాళ్లూ ఉన్నారు, వాళ్లకు కాన్పు అయ్యాకే. ముస్లిం అన్నలు చాలామంది పిడికెడు పొడవు ఉంచి, మీసం మాత్రం కురచ చేయమంటారు. ఎవరి గడ్డం మీద హక్కు వాళ్లదే. రష్యా చక్రవర్తి పీటర్ 1698లో యూరప్ చూసొచ్చి దర్బారువాళ్ల గడ్డాలు తనే కత్తిరించాడు, 1705లో గడ్డం మీద పన్ను కూడా వేశాడు. అయినా అది దేవుడిచ్చిన రూపమని నమ్మినవాళ్లు డబ్బు కట్టి మరీ ఉంచుకున్నారు. వాళ్లంటే నాకు గౌరవం.

దీక్ష గడ్డమైతే ముందు ట్రిమ్మర్‌తో పొట్టిగా చేయండి. స్టైల్‌గా ఉంచుకోవాలంటే ట్రిమ్మర్ దువ్వెన పెద్ద నంబరుతో మొదలుపెట్టి చిన్న నంబరుకు రండి. వేడి నీళ్లలో పిండిన తువ్వాలను రెండు మూడు నిమిషాలు అదిమి పెడితే వెంట్రుక మెత్తబడుతుంది.

అసలు పని మెడ దగ్గరే. తల పైకెత్తి వేళ్లతో నిమరండి. చెవి కింద వెంట్రుక ఒక వైపు, గొంతు దగ్గర ఇంకో వైపు వాలి ఉంటుంది, కొందరికి మధ్యలో సుడి కూడా. వేలు నున్నగా జారిన వైపే బ్లేడ్ నడవాలి. ఎదురు గీస్తే వెంట్రుక మరీ లోపలికి తెగి, చర్మంలోనే వంకర తిరిగి పొక్కులు లేస్తాయి. గడ్డం ఉంచుకునేవాళ్లు గొంతు ముడికి రెండు వేళ్ల పైన లైన్ తీసుకోవాలి.

తర్వాత తడి పటిక రుద్ది, చల్లటి నీళ్లతో కడగండి.

షాపుకొస్తే బ్లేడ్ మీ కళ్లముందే కొత్తది వేయించుకోండి. గాటు పడితే రక్తంతో హెపటైటిస్-బి లాంటివి అంటుకుంటాయి, అడగడానికి మొహమాటం వద్దు. మంగళవారం మాత్రం రాకండి, ఆ రోజు మాకు సెలవు.